ఎర్ర సున్నం

సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోయగానే గంజు గిన్నె బుసకొడుతుంది. ఆ వేడి ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, నాకు దయామణి టీచర్ నవ్వు వినిపిస్తుంది. ఈస్టర్‌కు ముందు శనివారం మా ఆర్మూర్ క్రైస్తవులం సమాధుల తోటకు వెళ్ళి మా వాళ్ళ సమాధులకు సున్నం వేస్తాం. మరునాడు తెల్లవారుతుండగా కొవ్వొత్తులతో అక్కడే చేరి, యేసు లేచినట్టే మా వాళ్ళూ ఒకనాడు లేస్తారని పునరుత్థాన ఆరాధన చేస్తాం. టీచర్ మొన్నటి వానాకాలంలో పోయారు. ఈసారి ఆమె సమాధికి సున్నం వేసే పని నాది.

బడిలో లెక్కలు, ఆదివారం బైబిలు పాఠాలు నాకు ఆమే చెప్పారు. బైబిలు పరీక్షల్లో మొదటి బహుమతి నాదే. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరాక కూడా బైబిలు వ్యాఖ్యాన గ్రంథాలు ఆమె దగ్గర్నుంచే తెచ్చుకునేవాణ్ణి. తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ఒకటే అడిగేవారు: "ఏడ నవ్వొచ్చింది? ఏడ ఏడుపొచ్చింది?" అవి అలాంటి పుస్తకాలు కావని చెబితే, "మరెందుకు చదివినవు బిడ్డా, కండ్లు నొయ్యనీకా?" అనేవారు.

రెండువేల ఐదు ప్రాంతంలో, ఒక చలికాలం, మా అమ్మ పోయింది. సమాధి చేసి వచ్చాక నేను మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆ ఏడు ఈస్టర్ ఆరాధనలో ప్రసంగం నన్నే చేయమన్నారు సంఘ పెద్దలు. ఖాళీ సమాధి, విడిచిన నారబట్టలు, చూసినవాళ్ళ సాక్ష్యం, నాకు తెలిసిన రుజువులన్నీ రాసుకుని, శుక్రవారం సాయంత్రం టీచర్ ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"మంచిగున్నది. పరీక్షల రాస్తే ఫస్టొస్తవు. మరి మీ అమ్మ లేస్తదా?"

నేను రాసుకున్నదంతా యెరూషలేములోని ఒక సమాధి గురించే. అది మా అమ్మ దాకా రాలేదు. నమ్మని మాటను అమ్మ సమాధి ముందే నిలబడి ఎలా చెప్పాలన్నది ఎన్నో రోజులుగా నన్ను తింటున్న భయం.

"తెల్వదు టీచర్," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "సరే తీ. రేపు సున్నం పట్టుకొని రా. మా సార్‌కు నేనేస్త, మీ అమ్మకు నువ్వెయ్యి," అన్నారు.

సున్నం ఇంట్లోనే గంజులో నానబెట్టాను. మోసుకెళ్ళడానికి పక్కనే పసుపు పట్టే గిర్నివాళ్ళ బకెట్ అడిగి తెచ్చుకున్నాను. పసుపు సీజన్‌లో మా ఊళ్ళో పసుపంటని వస్తువు ఉండదు కనుక, బకెట్ అడుగున గట్టిపడిన పొడిని నేను పట్టించుకోలేదు. పైన తేటగా ఉన్నంతసేపు తెల్లగానే పడింది. కుంచె అడుగుకు తగిలాక పసుపు కలిసి సున్నం ఎర్రబడింది. చూస్తుండగానే అమ్మ సమాధి సగం ఎర్రగా అయిపోయింది.

టీచర్ వచ్చి చూశారు. "అయ్యో నా బిడ్డా! గిదేంది, దిష్టి నీళ్ళు గుమ్మరించినట్టున్నది! పాస్టరయ్య చూస్తే మనిద్దర్ని సంఘంలకెల్లి ఎల్లగొడ్తడు!"

పక్క సమాధి దగ్గర సున్నం వేస్తున్న ఆడవాళ్ళు తొంగిచూశారు. "పారాణి కలిపిన్రు, ఎవల పెండ్లి టీచరమ్మా?" అంది ఒకావిడ.

"వీళ్ళమ్మ తయారైతున్నదే!" అంటూ నవ్వు ఆపుకోలేక భర్త సమాధి అంచున కూలబడ్డారు టీచర్. కొంగుతో కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు. "లేవంగనే మీ అమ్మ అడుగుతది సూడు, గిదేం రంగురా నా మీద పోసినవ్ అని. ఏం చెప్తవు?"

"గిర్నోళ్ళ బకెట్ అమ్మా, కడుగుడు మర్చిపోయిన అని చెప్త."

అన్నాకే నేనేమన్నానో నాకు వినిపించింది. టీచర్ నవ్వు ఆపారు.

"నిన్న తెల్వదంటివి గదరా," అన్నారు మెల్లగా.

అప్పుడు ఏడ్చాను, నవ్వుతూనే. అమ్మ అడుగుతుంది, నేను జవాబు చెబుతాను. అది నాకు ఎవరూ రుజువు చేయలేదు. అయినా మార్కెట్ యార్డుకు వెళ్ళే దారి తెలిసినంత మామూలుగా తెలిసింది.

మరునాటి ఉదయం ఆరాధనలో నేను రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. బకెట్ సంగతి, నేనిచ్చిన జవాబు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొవ్వొత్తులు పట్టుకున్న జనం సమాధుల మధ్య నిలబడి నవ్వారు. పాస్టరయ్య అందరికంటే గట్టిగా నవ్వారు. ఎవరినీ వెళ్ళగొట్టలేదు. ఆ ఎరుపు ఎండకు కొన్నాళ్ళకే వెలిసిపోయింది.

పుస్తకాలు ఇప్పటికీ చదువుతున్నాను. టీచర్ అడిగిన రెండు ప్రశ్నలూ ప్రతి పుస్తకం మూసేటప్పుడు వేసుకుంటాను. ఈరోజు ఆమె సమాధికి సున్నం కలిపేటప్పుడు అందులో చిటికెడు పసుపు వేశాను. కొంచెం ఎరుపు వచ్చింది. ఆమె లేవగానే ఏమడుగుతారో నాకు తెలుసు.

"ఇంకా కడుగలేదా బిడ్డా గా బకెట్?"

ఈసారి కడిగే తెచ్చాను టీచర్.