ఆపి చూసే అమ్మ

మా ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నాకూ తెలియదు. నేను బస్సు నడుపుతాను. నా పని దారిన పోయేవాడికి కూడా అర్థమవుతుంది. ఆమె పని పక్కన కూర్చుని చూసినా అర్థం కాదు. ఒకరోజు బతిమాలితే చెప్పింది. వాళ్ళది ఆసుపత్రులకు మందులు పంపే కంపెనీ. ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, గోడౌన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మరొకటి. మాటలు మానేసిన తోడికోడళ్ళలాగా ఒకదాని మాట ఒకదానికి వినపడదు. మధ్యలో కబుర్లు మోసే ఇంకో సాఫ్ట్‌వేరే కనెక్టరు. అది ఎవరి దగ్గర వినాలి, ఎవరికి చెప్పాలి, ఏ పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాలి, బదులు రాకపోతే ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ ఒక ఫైల్లో రాసి భద్రం చేయడం మా ఆవిడ పని.

"ఇంతేనా?" అన్నాను.

"ఆఁ, ఇంతే. మీది స్టీరింగు తిప్పడమే కదా!" అంది.

ఆమెకు ఒక చాదస్తం ఉంది. ఫైల్లో ఏది మార్చినా, ఎందుకు మార్చిందో, మళ్ళీ మార్చాలంటే ఏం చేయాలో పైన మామూలు మాటల్లో రాస్తుంది. సేవ్ చేస్తుంది. పోనీ అక్కడితో వదిలేస్తుందా? చక్కగా నడుస్తున్న కనెక్టరును ఆపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. తెర మీద ఏం మార్చినా అప్పటికి పనిచేస్తుందట. ఫైల్లోకి ఎక్కకపోతే మాత్రం, కనెక్టరు నడిచే మిషను ఆగి లేచేసరికి అంతా మరిచిపోతుందట. "నడుస్తోంది కదా, ఎందుకు మేడమ్ కెలుకుతారు?" అని పక్క సీటాయన తల బాదుకునేవాడు. ఆయన్ని ఆఫీసులో తొందరబాబు అంటారు. మా ఆవిడకు ఆయన పెట్టిన పేరు 'ఆపి చూసే అమ్మ'.

ఇంట్లోనూ ఇదే వరస. గ్యాస్ కట్టేశానని మా అమ్మ చెబితే, "సరే అత్తయ్యా" అంటూనే వెళ్ళి, తెరిచి, మళ్ళీ కడుతుంది. మా అమ్మ నా వంక చూస్తుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.

ఇంత జాగ్రత్తగల మనిషికి ఒక్క దిగులు ఉండేది. ఆమె చెల్లెలు తల్లి లేని పిల్ల. అక్కే పెంచింది. ఆ పిల్ల మొదటి కాన్పు రోజున ఆఫీసు నుంచి ఫోనొచ్చి, మా ఆవిడ ఆసుపత్రి మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. లేచి లోపలికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "పోనీలే అక్కా, నీ పని అలాంటిది" అంది మరదలు. తిట్టినా బాగుండేది. ఆ మాటకు మా ఆవిడ ఎన్నాళ్ళు కుమిలిందో నాకు తెలుసు.

రెండో కాన్పు దగ్గరపడగానే, "ఈసారి కంపెనీ మునిగినా నేను దాని పక్కనే ఉంటాను" అంది. సెలవు పెట్టింది. ఫైళ్ళన్నీ సరిచూసి, తొందరబాబును పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించింది. ఆయన అన్నిటికీ తలూపాడట.

నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో మరదలిని కాన్పు గదిలోకి తీసుకెళ్ళారు, నేనూ మా ఆవిడా వరండాలో నిలబడ్డాం. నర్సు, "తోడు ఎవరమ్మా? రండి" అని పిలిచింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోను మోగింది. తొందరబాబే! ఆమె స్పీకర్లో పెట్టింది.

"మేడమ్, మిషను ఆగి లేచింది. గోడౌన్‌కి ఒక్క ఆర్డరూ వెళ్ళట్లేదు. నిన్న నేను కొత్త పాస్‌వర్డు పెట్టాను, బాగానే నడిచింది కూడా..."

"ఫైల్లో సేవ్ చేశారా?"

"అదే... మరిచిపోయాను మేడమ్" అన్నాడు. నాకు రక్తం మరిగిపోయింది. ఫోను లాక్కుని నాలుగు దులిపేద్దామనుకున్నాను. మా ఆవిడ చెయ్యి ల్యాప్‌టాప్ ఉన్న సంచీ మీదికి వెళ్ళడం చూశాను. అయిపోయింది, మళ్ళీ అదే కథ అనుకున్నాను. ఆమె సంచీ జిప్పు సగం తీసి ఆగింది.

"ఫైలు తెరవండి. ఏం చేయాలో పైనే రాశాను, చదవండి. మార్చండి, సేవ్ చేయండి, ఆపి చూడండి. మీకు వచ్చు. నేను లోపలికి వెళ్తున్నాను" అని ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. లోపల మరదలు, అక్కడ ఆసుపత్రులకు వెళ్ళాల్సిన మందులు. దేని గురించి ఎక్కువ భయపడాలో తెలియలేదు. చివరికి తొందరబాబు మెసేజి వచ్చింది: "ఆర్డర్లు వెళ్తున్నాయి. రెండుసార్లు ఆపి చూశాను. మేడమ్‌కి చెప్పండి." ఎంత తిట్టుకున్నానో అంతా వెనక్కి తీసుకున్నాను.

కాసేపటికి నన్నూ లోపలికి రమ్మన్నారు. మా ఆవిడ బిడ్డను భుజాన వేసుకుని, రెండో చేత్తో చెల్లెలి చెమట తుడుస్తోంది. మెసేజి చూడమని ఫోను చాపాను.

"ఉండండీ, ఇప్పుడే నిద్రపట్టింది" అని బిడ్డను సర్దుకుంది. ఫోను వంక చూడనైనా లేదు.

మరదలు నీరసంగా తల తిప్పింది. ఆడపిల్ల పుట్టిందని చెబుతుందేమో అనుకున్నాను.

"బావా, అక్క నాతోనే ఉంది, తెలుసా? మొదట్నుంచీ ఉంది" అంది.