గడప దాటని మందు

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక మందుసీసా ఉండేది... ఇంట్లో అనకూడదు, పెరట్లో పశువుల కొట్టంలో. సిద్దిపేటలో నిజాం రోజులవి.

ఆ మందు చిన్నకోడూరు నుంచి లచ్చవ్వ తెచ్చేది. నేలవేము మొక్కను వేళ్లతో సహా దంచి, ఇప్పసారాలో నానబెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టి, ఇరవై రోజుల తర్వాత వడకట్టేది. చలిజ్వరానికి తేనెలో ఏడు చుక్కలు... కీళ్లనొప్పులకు పైపూత.

మా నాయనమ్మ మడి మనిషి. సారా కలిసిన మందు గడప దాటి రాకూడదు. అందుకని రోగమొచ్చిన వాళ్లే బయటికి పోవాలి.

ఒక ఏడు వానల్లో నాలుగేళ్ల మా చెల్లెకు చలిజ్వరం పట్టుకుంది. అమ్మ పురిటి మంచం మీద ఉంది. ఇంటికి పెద్దదాన్ని నేను... పదేళ్లు. రోజుకు మూడుసార్లు దాన్ని చంకనేసుకుని కొట్టంలోకి పోవాలి, చుక్కలు వేయాలి, నోరు కడిగించి, తలమీద నీళ్లు చల్లి, బట్టలు మార్చి లోపలికి తేవాలి.

నాలుగో రోజుకు నా చేతులు లేవలేదు. చెల్లె మాత్రం పూటపూటకూ తేలికైపోతోంది... మోసే నాకే తెలుస్తోంది. భయమేసి ఎవరికీ చెప్పలేదు.

ఐదో రోజు ముసురు. లచ్చవ్వ వచ్చి, కారుతున్న కొట్టంలో మమ్మల్ని చూసి, గడప లోపల నిలబడ్డ నాయనమ్మను కేకేసింది.

"ఏంది పెద్దమ్మా గిది! పోరి వణుకుతుంటే వానల తడుపుతున్రా?"

"మా ఇంటి మడి నీకేం ఎరుకనే లచ్చవ్వా..."

"మడి నాకెరుక లేదు, జరం ఎరుక. సీస లోపలికొస్తే నీ దేవుడు తాగుతడా ఏంది?"

నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ తానే సీసాను కొంగులో చుట్టుకుని గడప దాటి లోపలికి తెచ్చింది. చెల్లె తల ఒళ్లో పెట్టుకుని చుక్కలు వేసింది. "లేవకు బిడ్డా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "దేవుడి దగ్గర దీపం నువ్వు పెట్టు" అంది.

చెల్లె జ్వరం దిగడానికి ఇంకా తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నాయనమ్మ దేవుడి గదిలో అడుగుపెట్టలేదు... గుమ్మం బయట కూర్చుని, అక్కడి నుంచే దండం పెట్టుకుంది.

ఇప్పుడు దగ్గుమందు సీసా మీద ఆల్కహాల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది... దేవుడి పటాల కిందే పెట్టుకుంటున్నాం. మంచిదే, ఏ పిల్లా వానలో తడవక్కరలేదు. కానీ ఒక బిడ్డ కోసం తన దేవుడికి దూరంగా కూర్చున్న మనిషిని మళ్లీ చూడలేదు నేను.

మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉండేవారా... ఉంటే రెండు మాటలు రాయండి. చదివి దండం పెట్టుకుంటాను.