వడిసెలకు మూడు చుట్లు, సాఫ్ట్‌బాల్‌కు ఒకటే

"టైమింగ్ అనేది పుట్టుకతో రావాల, నేర్పితే వచ్చేది కాదు" అని బడిలో ఆటల మేడమ్ మా మనవరాలితో అన్నదట. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఎందుకంటే ఇలాంటి మాటే నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను. గొర్రెల వెంట తిరిగే నన్ను చూపించి మా ఊరి అయ్యవారు మా నాయనతో "చదువు అందరికీ అబ్బదు, పుట్టుకతో రావాల" అన్నాడు. మా నాయన నమ్మాడు, నేను నమ్మలేదు. మీసాలు మొలిచే వయసులో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కూలికి కుదిరి, అంచు విరిగిందని పక్కన పడేసిన పలకల మీద, గోడల మీది సినిమా పోస్టర్లు చూసుకుంటూ అక్షరాలు దిద్దుకున్నాను. ఇవాళ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, తప్పు కనబడిన చోటల్లా గీత కొడతాను. పేపరు వాళ్లకు ఆ సంగతి తెలియకపోవడం వాళ్ల అదృష్టం.

మనవరాలు గిద్దలూరులో తొమ్మిదో తరగతి. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అది క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. బంతి పెద్దది, పసుపు పచ్చనిది. విసిరే పిల్ల భుజం మీదుగా విసరదు. చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి, నడుము కిందనుంచి వదులుతుంది. ఆ పిల్లను పిచ్చర్ అంటారు. మేడమ్ పక్కన కూర్చుని మెల్లగా ఎగరేస్తే మా పిల్ల ప్రతి బంతినీ గోడకు తగిలేలా కొడుతుంది. పిచ్చర్ ఎదురుగా నిలబడి విసిరితే మాత్రం బంతి వెళ్లిపోయాక బ్యాట్ తిరుగుతుంది. రెండు వారాల్లో మార్కాపురంలో సెలక్షన్లు. మేడమ్ ఈమెను పరుగెత్తడానికి మాత్రమే తీసుకుపోతానన్నది.

"ఉత్త పరుగుకైతే మేకపిల్ల చాలదా తాతా? నాకు బ్యాట్ పట్టాలని ఉంది" అన్నది పిల్ల. అంతవరకు ఏడవని పిల్ల, ఆ మాటతో ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"నేను నేర్పుతా పో" అన్నాను.

నాకున్న ధైర్యం వడిసెల. జొన్నచేలో మంచె మీద నిలబడి, తాడు మధ్యలో రాయి పెట్టి గిరగిరా తిప్పి పిట్టల మీదికి విసిరేవాళ్లం. దాన్నే వడిసెల అంటారు. రాయి ఎప్పుడు వదలాలో నా చేతికి బాగా తెలుసు. పిల్లను పెరట్లో నిలబెట్టి, ఎదురుగా నేను ఉత్త వడిసెల తిప్పుతూ, "మొదటి చుట్టుకు ఊరికే ఉండు, రెండో చుట్టుకు కాళ్లు సర్దుకో, మూడో చుట్టుకు బంతి వస్తది, కొట్టు" అని రెండు సాయంత్రాలు సాధన చేయించాను.

మూడో రోజు బడి నుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది. "ఒక్కటే చుట్టు తాతా! రెండో చుట్టు తిప్పితే అంపైర్ ఒప్పుకోడంట. నేను రెండోదానికి కాచుకోనుంటే బాల్ పోయినాది. అందరూ నవ్వినారు."

తప్పు నాదే. ఆటను చూడకుండా నేర్పబోయాను. పుస్తకం తెరవకుండా పాఠం చెప్పే పంతుళ్లను జీవితమంతా తిట్టినవాణ్ణి, నేనూ అదే పని చేశాను.

మర్నాడు బడి వదిలే వేళకు గ్రౌండుకు వెళ్లాను. పిచ్చర్ కూడా తొమ్మిదో తరగతి పిల్లే. రాచర్ల గేటు దగ్గర బైకులు బాగుచేసే సాయిబు కూతురు. సన్నగా ఉంటుంది గానీ బంతి వదిలితే గాలి చీరినట్టు పోతుంది. నన్ను చూసి, "ఏం తాతా, నీ మనవరాలు బ్యాట్ ఊపితే నాకు చల్లగా ఉంటాది. ఫ్యాన్ అవసరమే లేదు" అన్నది.

"నీకు చెమట పట్టించే రోజు వస్తది లే అమ్మీ. రోజూ ఒక గంట ఈమెకు వేస్తావా?"

"వేస్తా. మేడమ్ అడిగితే మాత్రం నువ్వే జవాబు చెప్పాల."

మేడమ్ అడగనే అడిగింది. "పెద్దాయన దగ్గరుంటాడు కదా, ఆడుకోండి" అని ఒప్పుకుంది కూడా. గోడకు రెండు గోనెపట్టాలు వేలాడదీశాను, బంతి పట్టేవాళ్లు లేరు కాబట్టి. గోడ ముందు మనవరాలిని నిలబెట్టి, నా అంగలతో పదిహేడు లెక్కపెట్టి, పిచ్చర్‌ను అక్కడ నిలబెట్టాను. ఆమె పక్కన నిలబడి చేతినే చూశాను. చేయి పైకి లేచి వెనక్కి తిరిగి దిగుతుంది. తుంటి దగ్గరకు వచ్చినప్పుడు మణికట్టు ప్యాంటుకు రాసుకుని సర్రుమంటుంది. బంతి అక్కడ విడుస్తుంది. మనవరాలు చూసేది బంతిని. అది సగం దూరం వచ్చాక గానీ ఆమెకు మెలకువ రావడం లేదు.

"బ్యాట్ భుజాన పెట్టుకో, ఊపొద్దు. చేయి తుంటి దాటినప్పుడు 'ఇప్పుడు' అను, చాలు" అన్నాను.

మొదటి రోజు ఆమె 'ఇప్పుడు' అనేసరికి బంతి గోనెపట్టాకు తగిలేది.

"ఆ మాట నీకు బంతి చెప్పింది, చేయి చెప్పాల!" అని కేకలేశాను.

"కసురుకోకు తాతా, నాకు చెయ్యి కనపడదు."

"కనపడదా? ఆ అమ్మాయి చెయ్యి ఏమన్నా అవతలి జిల్లాలో ఉందా?"

పిచ్చర్ నడుము పట్టుకుని నవ్వింది. రోజూ అలా వంద బంతులు వేసింది. నాలుగో రోజుకు 'ఇప్పుడు' సరిగ్గా తుంటి దగ్గర వినబడసాగింది. అయిదో రోజు మాటతో పాటు ఎడమకాలు ముందుకు వేయించాను. ఆరో రోజు బ్యాట్ ఊపమన్నాను. మూడో బంతి పిచ్చర్ తల మీదుగా పోయి నీళ్ల ట్యాంకు గోడకు తగిలింది. అది చూసి నేను మేడమ్ ఎక్కడుందా అని అటూ ఇటూ చూశాను. ఆమె ఆఫీసు గదిలో ఉంది. చూడలేదు. నాకు ఎంత కోపం వచ్చిందో.

అయితే పిచ్చర్ తెలివైనది. మర్నాడు అదే చుట్టు తిప్పి బంతిని నెమ్మదిగా వదిలింది. మనవరాలు కాలు వేసి, బ్యాట్ ఊపేసి, బంతి ఇంకా దారిలో ఉండగానే బొంగరంలా తిరిగింది. వడిసెలలో నెమ్మది రాయి ఉండదు.

పిచ్చరే దగ్గరకు వచ్చి, "కాలు వెయ్యవే, చేతులు మాత్రం దాచుకో. కాలికి తొందర, చేతికి ఓపిక. నేను మోసం చేసేది చేతినే" అన్నది. తన మోసాన్ని తానే విప్పిచెప్పే పిల్లను అప్పుడే చూశాను. మిగిలిన రోజులన్నీ ఆ ఓపికకే సరిపోయాయి.

సెలక్షన్ల రోజు కంభం మీదుగా బస్సులో మార్కాపురం వెళ్లాం. మేడమ్‌ను నేను వేడుకోలేదు. "ఒకసారి బ్యాట్ ఇచ్చి చూడండి, కొట్టలేకపోతే పరుగెత్తుతుంది" అని మాత్రం అన్నాను. ఆమె నన్ను ఒక క్షణం చూసి సరేనన్నది. ఆ విషయంలో ఆమె మంచిదే. ఒక్కొక్కరికి అయిదు బంతులు. ఎవరో కొత్త పిల్ల వేస్తోంది.

మొదటి బంతికి మనవరాలి కాలు కదలలేదు. రెండోదానికి కదిలింది గానీ ఆలస్యంగా. ఎక్కడ తప్పుతోందో నాకు అర్థం కాలేదు. పిల్ల బ్యాట్ దించి పక్కకు చూసింది, నా వైపు కాదు, గీత బయట కూర్చున్న మా పిచ్చర్ వైపు. ఆ అమ్మాయి తన ఎడమ తుంటి మీద అరచేత్తో టపటపా కొట్టుకుంది. అప్పుడు చూశాను, కొత్త పిల్ల ఎడమచేతి వాటం. మనవరాలు ఇంతసేపూ బంతి లేని చేతినే చూస్తోంది.

మూడో బంతి బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి పోయింది. నాలుగోది ఎదుటి పిల్లల తలల మీదుగా వెళ్లి గడ్డిలో పడింది. అయిదోది నెమ్మది బంతి. ఆమె కాలు వేసింది, చేతులు ఆగాయి, ఆగాయి, తర్వాత తిరిగాయి. బంతి నేల మీద దూసుకుపోయింది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

మధ్యాహ్నం చదివిన జాబితాలో మా పిల్లలిద్దరూ ఉన్నారు. మనవరాలి పేరు పక్కన రన్నర్ అని రాయలేదు. మేడమ్ వచ్చి ఆమె భుజం తట్టి, "ఎవరు నేర్పినారే నీకు?" అన్నది. నేను చొక్కా సర్దుకున్నాను. మనవరాలు పిచ్చర్‌ను చూపించింది.

తిరుగు బస్సులో కంభం వచ్చేదాకా నేను కిటికీ వైపే చూశాను.

"అలిగినావా తాతా?" అన్నది మనవరాలు.

"నేనెందుకు అలుగుతా?"

"నాకు రోజూ వంద బాళ్లు వేసినాది ఎవరు? నువ్వు నిలబడి తిట్టినావు."

"తిట్టేవాళ్లు కూడా కావాల కదే" అన్నది పిచ్చర్ నా పక్షం వచ్చి, చేతిలోని వేరుశనక్కాయల పొట్లం నాకు అందిస్తూ. "పోటీల్లో మనకు ఎదురొచ్చే ఒంగోలు పిచ్చర్ బాల్ చివర్లో పైకి లేస్తాదంట తాతా. దానికి ఏం చేయాల?"

"నాకు తెలీదు" అన్నాను. మా ఇంట్లోవాళ్లు వింటే నమ్మేవాళ్లు కారు.

వాళ్లిద్దరూ దాని మీద వాదం పెట్టుకున్నారు. ఒకామె మోకాళ్లు వంచాలంటుంది, ఇంకొకామె అసలు కొట్టకుండా వదిలేయాలంటుంది. గిద్దలూరు వచ్చేదాకా నేను కాయలు వలుచుకుంటూ విన్నాను.