పత్తి ట్రాక్టరు వెనక

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మెట్ల కింద చిన్న నెట్ సెంటరు ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ వదలగానే అక్కడికి పరిగెత్తేదాన్ని. మా ప్రత్తిపాడు బస్సు వచ్చేలోపు ఎంత దొరికితే అంత. వీడియో నొక్కగానే తెర మధ్యలో గుండ్రటి గీత ఒకటి తిరగడం మొదలెట్టేది. తిరుగుతూనే ఉండేది. నాకసలే ఓపిక తక్కువ. అన్నం ఉడికేదాకా ఆగలేక నాలుగుసార్లు మూత తీసి చూసే రకాన్ని. కుర్చీలో అటూ ఇటూ కదులుతూ, మౌసుని బల్లకేసి కొడుతూ, "నీ దుంప తెగ, రావే తొందరగా!" అని ఆ గీతని తిట్టేదాన్ని.

ఆ వీడియోలు సైకిలు పందేల వాళ్ళవి. సీటు ఎంత ఎత్తులో ఉండాలి, ఊపిరి ఎలా తీయాలి, పాదం ఎక్కడ నొక్కాలి అని ఎవరో ఒక కోచ్ చెప్పేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు సగం, లోడైన వీడియో సగం. రెండూ కలిపితే పావు వంతు అర్థమయ్యేది. సైకిలు పిచ్చోళ్ళు రాసుకునే సైటొకటి దొరికితే, గేర్లు లేని పాత సైకిలు మీద స్పీడు పెంచడం ఎలా అని అడిగాను. ముందు వేరే సైకిలు కొనుక్కోమన్నాడు ఒకడు. ఒళ్ళు మండిపోయింది.

నెట్ సెంటరాయనకు నా మీద అనుమానం. ఆడపిల్ల, తెర మీద బిగుతు నిక్కర్ల మగాళ్ళు. ఒకరోజు కర్టెను పక్కకి జరిపి, "ఏందమ్మా చూస్తున్నావ్?" అన్నాడు.

"సైకిళ్ళండీ."

"సైకిళ్ళేనా?"

"మీరే కూర్చుని చూడండి," అన్నాను కోపంగా. నిజంగానే కాసేపు చూశాడు. ఆయనకీ విసుగొచ్చి వెళ్ళిపోయాడు.

ఇంత ఆరాటం ఎందుకంటే, మా కాలేజీ ఆటల గదిలో ఒక రేసింగు సైకిలుండేది. యూనివర్సిటీ పోటీలకు ఒక్క అమ్మాయిని పంపుతామని, ఆ అమ్మాయికి ఏడాదంతా ఆ సైకిలు ఇస్తామని మా ఆటల మేడమ్ చెప్పారు. సన్నటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు, గేర్లు. కిటికీ ఊచల్లోంచి దాన్ని చూస్తూ నిలబడితే క్లాసుకి బెల్లు కొట్టినా వినపడేది కాదు. తర్వాత నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవర్నీ అంత ఆశగా చూడలేదు. ఆ సైకిలు నాదే కావాలి, అంతే. ఇంకో మాట లేదు.

ఇంట్లో ఉన్నది నాన్న సైకిలు. పొద్దున నాన్న దాని మీద మిరప చేలోకి వెళ్ళేవాడు, సాయంత్రం నాకిచ్చేవాడు. చున్నీ నడుముకి బిగించి, గుంటూరు రోడ్డెక్కి కాలవ వంతెన దాకా తొక్కేదాన్ని. అక్కడికి వెళ్ళేసరికే ఆయాసం. ఇలా అయితే నా మొహం సెలెక్టయినట్టే అనుకునేదాన్ని.

అప్పుడు దొరికింది ఆ వీడియో. పందెగాళ్ళు ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం ఆనుతుందేమో అన్నంత దగ్గరగా వెళ్తున్నారు. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకున్నవాడికి సగం కష్టం తగ్గుతుందట. అంతవరకు వచ్చి వీడియో ఆగిపోయింది. మళ్ళీ ఆ గుండ్రటి గీత. ఆ తర్వాత కరెంటు పోయింది. పోతే పోయింది, నాకు కావలసింది దొరికిందనుకున్నాను.

మరి మా రోడ్డు మీద నా ముందు తొక్కేదెవరు? కానీ అది పత్తి కాలం. చేలల్లోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులకు ట్రాక్టర్లు వరసగా పోయేవి. పత్తి కూరిన బోరాలు రెండు పక్కలకీ పొంగి, వెనక తగిలించిన ట్రక్కు రోడ్డంతా తనదే అన్నట్టుండేది. దాని వెనక దూరాను. అమ్మో! ఒక్కసారిగా గాలి లేదు. చెవుల్లో హోరు లేదు. కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. పత్తి పింజెలు జుట్టులో చిక్కుకుంటున్నాయి, నేను ట్రాక్టరుతో సమానంగా పోతున్నాను! సంతోషం పట్టలేక గట్టిగా కేక పెట్టాను.

డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏందమ్మాయ్, నా వెంట పడ్డావ్?" అని అరిచాడు.

"పోనీ అన్నా, ఆపొద్దు!"

ఇక ఆ సీజనంతా అదే పని. ఒక ట్రాక్టరు పోతే ఇంకో దాని కోసం రోడ్డు పక్కన కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. వంతెన దాకా పట్టే టైము సగానికి పడిపోయింది. నాన్న వాచీ పెట్టుకుని తనే చూశాడు. టీ హోటల్లో కూర్చుని, "మా అమ్మాయి ట్రాక్టరుతో పోటీగా తొక్కుద్ది," అని అందరికీ చెప్పుకున్నాడు. ఆ టైమే నేను మేడమ్‌కీ చెప్పాను. "నిజమా!" అన్నారావిడ. ఆటల గది తాళం అప్పుడే నా చేతికి వచ్చినట్టయింది.

సెలెక్షను గుంటూరు చివర నుంచి మా ప్రత్తిపాడు రోడ్డు మీదే పెట్టారు. నా రోడ్డు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, సైకిలు బస్సు మీద కట్టించి తీసుకొచ్చాడు. నిలబడింది నలుగురం. అందులో గట్టిగా తొక్కేది చీరాల అమ్మాయి ఒక్కతే. మగ్గాల వాళ్ళ పిల్ల, హాస్టల్లో ఎవరిదో లేడీస్ సైకిలు అడిగి తెచ్చుకుంది. విజిలు ఊదగానే ఆమె వెనక చేరాను. హాయిగా ఉంది. ఇద్దరమే ముందుకి వచ్చేశాం.

కాసేపటికి ఆ అమ్మాయి తల తిప్పి అరిచింది. "ఏయ్, ఎంతసేపు నా వెనక నక్కుతావే? ముందుకి రా! గాలంతా నేనే తినాలా?"

వంతులు మార్చుకోవాలన్న సంగతి ఆ వీడియోలో మిగిలిన సగంలో ఉందేమో, నేను చూడలేదు. పౌరుషం వచ్చి ముందుకి దూసుకెళ్ళాను.

గాలి. ఎదురుగాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతోంది. అప్పుడు చూశాను రోడ్డుని. ఆదివారం, మిల్లులకు సెలవు. కనుచూపు మేర ఖాళీ. ఒక్క బండి లేదు. పళ్ళు బిగించి తొక్కాను. తొడలు మండాయి, ఊపిరి అందలేదు, పెడలు కదలనంటోంది. ఆ అమ్మాయి నన్ను దాటింది. ఆమె వెనకన్నా చేరదామని చూశాను, అందలేదు. దూరం పెరుగుతూ పోయింది. తర్వాత మిగిలిన ఇద్దరూ నింపాదిగా నన్ను దాటి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఊపిరి లేదు.

చివరికి నేను చేరేసరికి చీరాల అమ్మాయి నీళ్ళు తాగడం కూడా అయిపోయింది. మేడమ్ కాగితం మీద ఆమె పేరు రాసుకుని నావైపు తిరిగారు. "అంత టైము చెప్పావు, ఏమైంది?" అన్నారు. కసరలేదు. నమ్మినందుకు బాధపడినట్టు అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఏమని చెప్పను?

నాన్న ముందుకొచ్చాడు. నా సైకిలు తన చేతిలోకి తీసుకుని, ఎంతో మర్యాదగా, నా తరఫున సర్దిచెబుతున్నట్టు అన్నాడు.

"మా పిల్ల బాగానే తొక్కుద్ది మేడమ్ గారూ. ఇవాళ ఆదివారం గదండీ, ట్రాక్టర్లు లేవు."