కారుకు కుడి పక్క ఏది

మంచంలో పడ్డ తర్వాత మా మామకు మిగిలిన కోరిక ఒక్కటే. పోయేలోపల తన కారులో ఒకసారి కూర్చుని కాణిపాకం దాకా పోయి రావాలి. ఆ కారును మా ఆయన అప్పటికే తిరుపతిలో ఒక పెళ్ళి మండపం వాళ్ళకు అమ్మేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. వీధిలో సగం మందికి తెలుసు. మా మామకు ఒక్కడికే తెలియదు.

అది హెరాల్డ్ కారు, మద్రాసులో తయారైన పాతకాలం బండి. మా మామ చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. యజమాని కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతది ఇతనికి ఇచ్చేశాడు. అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికొడుకుల ఊరేగింపుకు ఆ కారే పోయేది. నా పెళ్ళి రోజున కూడా పోయింది, వేరేవాళ్ళ పెళ్ళికి. నేను పుత్తూరు నుంచి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి పెళ్ళిచీరతోనే నడిచి ఈ ఇంట్లో అడుగుపెట్టాను.

తర్వాతైనా ఎక్కానా అంటే లేదు. "ఇంటి కోడలికి కారెందుకు? యాడికి పోవల్ల?" అనేవాడు మామ. నేను ఆ కారును కడిగాను, తుడిచాను. ఆయుధపూజకు బొట్లు పెట్టి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. ఎక్కలేదు.

మామ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చాం. ఎముక అతుక్కుంది గాని కాళ్ళలోకి బలం తిరిగి రాలేదు. అంతకుముందే రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. ఆపరేషను చేయిద్దామంటే "నేను సూడాల్సిందంతా సూసినాను" అన్నాడు. వరండాలో మంచం వేసి పడుకోబెట్టాం. చెవులు మాత్రం పాము చెవులు.

మా ఆయనది కార్ల సొట్టలు తీసి అతుకులేసే టింకరింగ్ పని. ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆయన అంగడి. హెరాల్డుకు బాడీ బాగానే ఉంది. అడుగున ఛాసీ, అంటే బండినంతా మోసే ఇనుప చట్రం, తుప్పు పట్టి వేలితో పొడిస్తే రాలిపోతోంది. మండపం వాళ్ళకు బొమ్మ కారు వద్దు, నడిచే కారు కావాలి. ఏర్పేడు దగ్గర పాత ఇనుప సామాన్లవాళ్ళ దగ్గర అదే రకం కారు ఛాసీ ఒకటి దొరికింది. దాని బాడీ ఎప్పుడో నుజ్జయిపోయిందట. మా ఆయన దాన్ని లారీలో తెచ్చి, మా కారు ఇంజను ఊడదీసి ముందుగా దానిమీదికి ఎక్కించాడు. ఇక మిగిలింది ఈ బాడీని ఎత్తి ఆ ఛాసీ మీద కూర్చోబెట్టడం.

సుత్తి చప్పుళ్ళు విని మామ అడిగాడు. "ఎవురికోసం రా ఇంత అవస్థ?"

"నీకోసమే నాయనా. నిన్ను కాణిపాకం తీసకపోవల్ల కదా."

"వినాయకుని ముందర ప్రమాణం చేస్తావా ఆ మాట?"

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే నిలువునా పోతారని మా పక్క అందరికీ భయం. ఊళ్ళో పంచాయితీలో తేలని తగువులు ఆ గుడి మెట్ల దగ్గర తేలిపోతాయి. మా ఆయన నింపాదిగా స్పానరు తుడుచుకున్నాడు.

"ఎందుకు చెయ్యను? ఆ కార్లోనే పోదాం. పోయినాక చేస్తా."

నావైపు చూసి కన్ను కొట్టాడు. అంత సులువైన ప్రమాణం నేనెక్కడా వినలేదు.

ఆ ముందు ఏడాదే నేను అక్షరాలు నేర్చుకున్నాను. పొదుపు సంఘం ఆడవాళ్ళకు సాయంత్రం పూట బడిలో చెప్పేవాళ్ళు. ఇంటికొచ్చి వరండాలో రాతిపలక మీద దిద్దుతుంటే మామ బలపం గీత విని, "పళ్ళూడినాక చెరుకు నమలను పోతాంది" అనేవాడు. మా ఆయన ఇంకో రకం. "సంతకం వస్తే సాలదా మే, కలెక్టరు పని ఏమన్నా ఇస్తామన్నారా?"

బోల్టులు విప్పే రోజు వచ్చేసరికి మాత్రం నా అక్షరాలు ఆయనకు పనికొచ్చాయి. బాడీని ఛాసీకి పట్టించే ప్రతి బోల్టు దగ్గర ఒక రబ్బరు బిళ్ళ, దాని కింద పలచటి ఇనుప రేకులు ఉంటాయి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అవి కలిసిపోతే బాడీ వంకరగా కూర్చుంటుంది, తలుపులు పడవు. ఆయన బండి కిందికి దూరి విప్పి అందిస్తుంటే, నేను ఏ చోటివి ఆ చోట పాల కవర్లలో వేసి, చీటీ రాసి లోపల పెట్టాలి. కుడి ముందర. ఎడమ ఎనక. నేను ఒక చీటీ పూర్తి చేసేలోపల ఆయన ఇంకో బోల్టు విప్పి, నేల మీద పడేసి, నన్ను తిట్టి, దాని పక్కది మొదలుపెట్టేవాడు.

బయటికి వచ్చి ఒక చీటీ చూశాడు. "'ఎనక' కాదు మే. వెనక. నోటికొచ్చినట్టు రాస్తావా?"

"నోటికి ఎట్ల వస్తే అట్లనే కదయ్యా రాసేది."

మంచం మీదనుంచి మామ అన్నాడు. "నా బండి బోల్టులకు దాని సేత పేర్లు పెట్టిస్తాండావా? ఇంక బాగుపడినట్లే."

ఆ సాయంత్రం మా ఆయన పుత్తూరు రోడ్డులోని టీ అంగడి దగ్గర నిలబడి, మనుషుల కోసం ఒకరికి ఫోన్ చేశాడు. చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి మాట్లాడటం ఆయనకు అలవాటు. "బాడీ ఇంట్లోనే ఉండాది. రేపు పొద్దున్నే ఎత్తల్ల. నలుగురు సాలరప్పా, ఎనిమిది మంది కావల్ల."

అంగడిలో నగరివాడొకడు టీ తాగుతున్నాడు. మా ఆయనకు అక్క నగరిలోనే ఉంది, మరమగ్గాల ఇల్లు. ముసలాయన మంచంలో ఉన్నాడని నగరివాడికి తెలుసు. ఎత్తడానికి ఎనిమిది మంది కావాలనగానే ఇంక అడిగేదేముందని, టీ గ్లాసు కింద పెట్టి నేరుగా ఆ అక్కకు ఫోన్ చేశాడు.

పొద్దున్నే వీధి మలుపులో వ్యాను ఆగింది. ముందు మా వదిన ఏడుపు వచ్చింది, తర్వాత వదిన వచ్చింది. వెనక మగవాళ్ళు, పూలదండలు. శవం మీద కప్పడానికి కూతురు తేవలసిన కోరా బట్ట తన మగ్గం మీదనే నేసింది, చంకలో పెట్టుకుని తెచ్చింది.

"నాయనా, నన్నొక్క మాటైనా అడక్కుండా పోతివా నాయనా."

"ఏం అడగల్ల నిన్ను?" అన్నాడు మామ మంచం మీదనుంచి. అప్పుడే నేను రాగిజావ తాగించాను. మూతి కూడా తుడవలేదు.

వదిన గేటు దగ్గరే నిలబడిపోయింది. ఏడుపు ఆగిన తర్వాత కూడా నోరు కాసేపు తెరుచుకునే ఉంది. సంగతి తెలిశాక మగవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. వ్యాను కట్టించుకుని, మగ్గాలు ఆపించి వచ్చింది. తండ్రి మంచం పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ తమ్ముణ్ణి అడిగిన మొదటి మాట, "అయితే కారు ఎవురికి ఇస్తాండావు?"

మా ఆయన పళ్ళు బిగించి, గడ్డంతో మంచం వైపు చూపించాడు. ఆమె నోరు మూసుకుంది. ఆమెకు ఆ మాత్రం చాలు, మిగిలింది తర్వాత పెరట్లో తేల్చుకుంది.

మామ తడుముకుంటూ ఆ కోరా బట్ట పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు. "మంచి నూలు. దాచిపెట్టమ్మా. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాది."

మా ఆయన వచ్చినవాళ్ళను లెక్కపెట్టుకుంటున్నాడు. ఫోన్ చేసి రమ్మన్న మనుషులు రాలేదు. "ఇంత దూరం వచ్చినారు, ఊరికే పోతే ఏం బాగుంటుంది. ఒక చెయ్యి వెయ్యండప్పా."

మోయడానికి వచ్చినవాళ్ళు మోశారు. బానెట్టు, సీట్లు, అద్దాలు ముందే ఊడదీసి ఉన్నాయి. బాడీ కింద అడ్డంగా రెండు వాసాలు దూర్చారు. భుజాలు ఒరుసుకుపోకుండా మా ఆయన కోరా బట్టను నిలువునా చించి తలా ఒక పేలిక ఇచ్చాడు. ఆ చిరుగు చప్పుడుకు మామ తల తిప్పాడు.

"బాడీ ఎత్తండప్పా, నిదానం, కాళ్ళ పక్క ఎత్తండి" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు. బాడీ గాలిలోకి లేచింది. పాత ఛాసీని కిందనుంచి లాగి గోడ పక్కకు తోశారు. కొత్తదాన్ని నెట్టారు. బాడీని దించారు. నేను కవర్లు విప్పి, చీటీలు చదివి, ఏ చోటివి ఆ చోటికి అందించాను. చదువుకున్నందుకు ఆ ఒక్క పూట నాకు కొంచెం గర్వం కలిగింది.

బోల్టులు బిగించాక మా ఆయన డ్రైవరు తలుపు వేశాడు. పడలేదు. వేలు దూరేంత సందు మిగిలింది. రెండో పక్క తలుపైతే తెరుచుకోనే లేదు.

చీటీలన్నీ తీసి నా మొహాన విసిరాడు. "ఈ రాసిన చెయ్యి ఇరగ్గొట్టల్ల. ఏలిముద్ర వేసుకునేదానివి ఏసుకుంటా ఉంటే ఎంత బాగుండు." వదిన పక్కనుంచి అందుకుంది. "పలక పట్టినప్పుడే నేననుకున్నా. ఇంటికి దరిద్రం." ఆయన జాకీ పెట్టడానికి అటూ ఇటూ చూసి, వరండా గోడకు ఆనించిన నా రాతిపలక తెచ్చి కింద పెట్టాడు. జాకీ రెండు తిప్పులకే అది పెళుక్కుమంది. ఆ ముక్కల మీదనే మళ్ళీ తిప్పాడు.

అప్పుడు మామ నన్ను పిలిచాడు. "ఏమ్మే, ఆ సీటీలు రాసేటప్పుడు నువ్వు యాడ నిలబడి ఉంటివి?"

"ముందర, మామా. బండి మూతికి ఎదురుగా."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. "ఒరే, దాని కుడిచేతి పక్క ఉండేదంతా కుడి అని రాసిపెట్టింది రా. బండికి అది ఎడమ. కార్లో కూర్చునేటోల్లకు తెలుస్తాది కారుకు కుడి ఏదో. ఎదురుగా నిలబడి సూసేటోల్లకు యాడ తెలుస్తాది?"

అంత నవ్వు ఆ ఇంట్లో నేను వినలేదు. చావుకు వచ్చినవాళ్ళు గోడలు పట్టుకుని నవ్వారు. నేను ఆయన చెప్పింది రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాను. తప్పు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కారును ఎదురునుంచే కడిగాను.

రేకులు అటువి ఇటు మార్చారు. తలుపు వేస్తే టక్కుమని పడింది. "అదీ" అన్నాడు మామ. ఆ చప్పుడు ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం దాటాక తిరుపతి నుంచి మండపం మనిషి వచ్చాడు. అప్పటికి సీట్లు, అద్దాలు, బానెట్టు బిగించేశారు. ఆ మనిషి బండి చుట్టూ తిరిగి, మంచం మీది ముసలాయన్ను చూసి, పాత డ్రైవరును స్టీరింగు దగ్గర కూర్చోబెడితే వీడియో బాగుంటుందన్నాడు. శవానికని తెచ్చిన దండలు వాడిపోకముందే బానెట్టు మీద వేశారు. మామను దుప్పటితో సహా ఎత్తి సీట్లో పెట్టారు.

ఆయన చేతులు స్టీరింగును వెతుక్కోలేదు. నేరుగా పోయి పట్టుకున్నాయి. హారను మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాడు. వీధిలో కుక్క లేచి నిలబడింది.

"పోదాం పా" అన్నాడు. "కాణిపాకం."

"పోదాం నాయనా. ఒక్క నిమిషం, ఇట్ల తిరిగి నవ్వు" అన్నాడు మా ఆయన. మామ తిరిగి నవ్వాడు. వీడియో అయిపోయింది.

దిగమంటే దిగలేదు. స్టీరింగు వదల్లేదు. వదిన కారులోకి వంగి ఒక్కొక్క వేలే విప్పింది. "వదులు నాయనా, వాళ్ళు పొద్దుండగానే తిరుపతి చేరల్ల." చివరి వేలు విప్పాక మా ఆయన పొద్దున్న మోసినవాళ్ళ వైపు తిరిగాడు.

"బాడీ దించండప్పా."

ఈసారి అందరూ నవ్వలేదు. కొందరు నవ్వారు.

కారు పోయింది. నగరి వ్యాను కూడా పోయింది. రంగు వేయించడానికి తిరుపతి పంపించామని మా ఆయన తండ్రికి చెప్పి బజారుకు వెళ్ళిపోయాడు. నేను మామకు మజ్జిగ తీసుకెళ్ళాను.

"ఎప్పుడొస్తాదంట?"

"రాదు మామా. అమ్మేసినారు. బోల్టులు విప్పకముందే అమ్మేసినారు."

ఆయన మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "ప్రమాణం చేస్తానన్నాడే."

"ఆ కార్లో పోయినాక చేస్తానన్నాడు. కారు లేదు, ప్రమాణమూ లేదు."

మా ఆయన చెప్పిన అబద్ధాన్ని ఇంకొన్నాళ్ళు కాపాడి ఉండవచ్చు. కాపాడాలని నాకు అనిపించలేదు. మామ గ్లాసు ఎత్తి మజ్జిగంతా తాగాడు.

"ఛాసీ యాడ ఉండాది?"

"గోడ పక్కన."

మంచం ఆ పక్కకు లాగమన్నాడు. లాగాను. చెయ్యి చాపి తుప్పు ఇనుమును తడుముతూ, నంబరు కొట్టిన చోటు పట్టుకున్నాడు. "బాడీ పోతే పోనీ. బండంటే ఇదే. నంబరు దీనిమీదనే కదా ఉండేది." ఆ తర్వాత రోజూ ఆ నంబరు మీద వేళ్ళు పెట్టుకునే అన్నం తినేవాడు. తుప్పు కంచంలో రాలితే అలాగే కలుపుకునేవాడు. కారు పోయిందని కొడుకును ఒక్క మాట అనలేదు. అడిగితే ఛాసీ కూడా పోతుందని భయమేమో.

అడక్కపోయినా పోయింది. పాత ఇనుము కొనేవాడు గ్యాసు సిలిండరు, కట్టరు తెచ్చుకున్నాడు. మా ఆయన మంచాన్ని వరండాలోకి ఈడ్చేశాడు. మామ గోడ వైపు తిరిగి పడుకుని వింటున్నాడు. ఇనుము కాలిన వాసన ఇల్లంతా కమ్మింది. మొదటి ముక్క తెగి నేల మీద పడినప్పుడు ఆయన భుజం కదిలింది.

"ఏమ్మే" అన్నాడు గోడ వైపునుంచే. "ఏ పక్క కోస్తాండారు? కుడి పక్కనా, ఎడమ పక్కనా?"

నేను గడప మీద నిలబడి చూశాను.

"యాడ నిలబడి సూసి సెప్పల్ల మామా?"