అంగుళమ్మ నీలం గౌను

మా పెద్దమ్మను వీధిలో అందరూ అంగుళమ్మ అనేవారు. దర్జీ పనిలో నలభై ఏళ్లు, ఎవరికి ఏం కుట్టినా కుట్టు లోపల అంగుళం గుడ్డ వదిలేది. తక్కిన దర్జీలు అర అంగుళంతో సరిపెట్టేవారు. "గుడ్డంతా లోపలే దాచేస్తే మాకేం మిగిల్చారండీ" అని గొణిగినవాళ్లే, మూడేళ్లకు పొట్ట పెరిగి, పాత కోటు చంకలో పెట్టుకుని ఇకిలించుకుంటూ వచ్చేవారు. ఆమె కుట్టు విప్పి, లోపలి గుడ్డ బయటికి తీసి, మళ్లీ కుట్టిచ్చేది. "మనిషన్నాక ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటాడా" అనేది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పని నేర్పిందీ ఆమే. ముక్కుమీద కోపం మాత్రం నా సొంతం.

పోయిన చలికాలంలో ఒక పొద్దున, చేతిలో కత్తెరతో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. నాకు కడుపు మండిపోయింది. ఒక్క ఆదివారం కూడా ప్రార్థన తప్పని మనిషి, చర్చి కిటికీలన్నిటికీ తెరలు కుట్టిపెట్టిన మనిషి. దేవుడికి వెతికి వెతికి ఆ చెయ్యే దొరికిందా? ఇక చర్చి గడప తొక్కనని ఆసుపత్రి వరండాలోనే తేల్చి చెప్పేశాను.

పెద్దమ్మ తిడితే పోట్లాడేదాన్ని, తిట్టకపోయేసరికి ఇంకా ఒళ్లు మండింది. మాట కాస్త తిరిగాక ఒకే ఒక్కసారి అంది.

"నేను ఏడిస్తే నువ్వు చర్చికి వస్తావే. నాకు తెలుసు. అందుకే ఏడవను. ఆయనే ఎవర్నీ రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లడు, మధ్యలో నేనెవర్ని?"

దుకాణం నేనే నడిపాను. ఆ అంగుళం మానేశాను. అర అంగుళం వదిలి, మిగతాది కత్తిరించి పారేసేదాన్ని. రేపటి మీద నాకు నమ్మకం లేదు, దానికి గుడ్డ ఎందుకు దాచాలి?

ఆరు నెలలకు కాలు స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి రాలేదు సరికదా, వాచింది. అలాంటి మనిషి, ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి, దేవుడు చేసిన మేలుకు కృతజ్ఞత సాక్ష్యం చెబుతానని పట్టుబట్టింది.

"దేనికట కృతజ్ఞత?" అన్నాను.

"చెప్పేటప్పుడు వింటే తెలుస్తుంది."

"నేను మెట్ల దాకానే వస్తా."

"మెట్ల దాకా చాలు తల్లీ. లోపల పట్టుకోడానికి ఎవరో ఒకరుంటారు."

శనివారం సాయంత్రం నీలం గౌను తీయించింది. ఇరవై ఏళ్ల కిందట తనకోసం కుట్టుకున్న ఒకే ఒక మంచి గౌను. వాచిన చెయ్యి అందులో దూరలేదు, మోచేతి దగ్గరే ఆగిపోయింది. పక్షవాతానికి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చిన్నపిల్లలా, గౌను అంచుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఏదో ఒకటి చేయాలని గౌను విప్పి, దాని చేతిని తిరగేశాను.

అంగుళం అక్కడే ఉంది. రెండు వైపులా.

బ్లేడుతో కుట్టు విప్పాను. బయట నీలం వెలిసి బూడిద రంగుకు తిరిగింది. లోపలిది నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోంది. మళ్లీ కుట్టి తొడిగితే చెయ్యి హాయిగా దూరింది. పాత నీలం పక్కన కొత్త నీలం చారలా కనబడుతోంది.

పెద్దమ్మ ఆ చారను ఎడమచేత్తో తడిమింది. "లావెక్కుతానేమోనని వదిలానే. దీనికోసమని నాకేం తెలుసు," అంది. ముక్కు చీదుకుని నవ్వింది కూడా.

మర్నాడు ఆమెను గడప దగ్గరే చర్చి పెద్దలకు అప్పగించి మెట్ల మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినబడింది.

"నా చెయ్యి బాగుపడలేదు. అడిగాను, ఇంకా అడుగుతున్నాను. ఎందుకివ్వలేదో నాకు తెలీదు, తెలిసినట్టు చెప్పను. కానీ ఈ ఆరు నెలలూ ఒక పిల్ల రోజూ పొద్దున్నే నాకు స్నానం చేయించింది, తల దువ్వింది, బొత్తాలు పెట్టింది. దేవుడి మీద పళ్లు నూరుతూనే పెట్టింది. తలుపు తీసే ఉంది, వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ప్రభువు నన్ను వదల్లేదని నాకెలా తెలుసంటే, ఇదిగో, ఇలాగే తెలుసు. ఆయనకి స్తోత్రం."

తర్వాత ఆమె కూర్చోవడానికి తిప్పలు పడుతున్న చప్పుడు వినబడింది. ఎడమ మోకాలు ముందు వంచాలి, నడుము పట్టుకోవాలి. ఆ సంగతి అక్కడ ఎవరికి తెలుసు? నేను లేచాను. నన్నెవరూ పిలవలేదు. గడప దాటి వెళ్లి నడుము పట్టుకుని కూర్చోబెట్టాను.

కోపం అంతా పోయిందని అబద్ధం చెప్పను. కానీ ఆ మనిషిని నాకిచ్చినందుకు దేవుడికి థాంక్స్ చెప్పాలనిపించింది, చెప్పాను.

మళ్లీ మెట్ల మీదికి పోదామని తిరిగేసరికి బల్ల మీద ఆమె పక్కన ఖాళీ కనబడింది. పెద్దమ్మ ఒక మనిషికి కావలసిన దానికంటే కాస్త ఎక్కువే వదిలింది. కూర్చున్నాను.