పంటు మీద విప్పిన కట్టు

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళు మంట. పాలకొల్లులో మా బట్టల కొట్టు అరుగు మీద కూర్చుని ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, బేరాలు పోతాయి లేవండి అని పంపేసేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కాదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడితే మనసు కాస్త తేలికపడుతుందేమోనని రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట ఇది. మా ఆవిడ వరలక్ష్మికి అంతర్వేది మొక్కు ఉండిపోయింది. కొట్టు వదిలి కదలడమే గగనం, వెళ్ళేదేదో సుఖంగా వెళదామని అంబాసిడర్ టాక్సీ మాట్లాడాను. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ మా పాప పద్మ, డ్రైవరు సత్తిరాజు. నరసాపురం రేవులో కారుని పంటు ఎక్కించి గోదావరి దాటాం. రెండు నావలు జతచేసి పైన బల్లలు పరిస్తే అదే పంటు. పక్కన లాంచీ కట్టి నడుపుతారు.

దర్శనం బాగానే అయింది. సాయంత్రం తిరిగి బయల్దేరబోతుంటే పద్మ అక్కడ నిలబెట్టి ఉన్న ఎడ్లబండి ఎక్కి ఆడుతూ కింద పడింది. కుడి మోచెయ్యి చూస్తుండగానే వాచిపోయింది. ఎముక విరిగిందని ఎవరూ చెప్పక్కర్లేదు. పాలకొల్లు డాక్టరు దగ్గరికే పోదామంది మా ఆవిడ. ఆ హడావిడిలో ఆఖరి పంటు వేళ దాటిపోయింది. దగ్గర్లో కట్టు కట్టే ముసలాయన ఉన్నాడంటే, తెల్లారేదాకా పిల్లని అలా వదిలేస్తామా అని విసుక్కుని నేనే తీసుకెళ్ళాను.

ఆయన కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ పీలికలతో నాలుగు చోట్ల బిగించాడు. సొన ఆరేసరికి ఆ ముడులు రాయిలా గట్టిపడ్డాయి. కట్టు కదిలితే ఎముక పక్కకి పోతుంది, ఎవరినీ ముట్టుకోనివ్వకండి అని మరీ మరీ చెప్పాడు. ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

రాత్రంతా పిల్ల ఏడుస్తూనే ఉంది. సత్రం వరండాలో మేమిద్దరం వంతులవారీగా ఎత్తుకుని తిప్పాం. తెల్లవారేసరికి ఏడుపు ఆగింది. హమ్మయ్య, నొప్పి తగ్గిందనుకున్నాను. ఇదే నేను చేసిన తప్పు. నొప్పి తగ్గలేదు, చేతికి స్పర్శ పోతోంది.

పొద్దున్నంతా కారు స్టార్టు కాలేదు. సత్తిరాజు ఏవేవో విప్పి, బిగించి, చివరికి కదిలించేసరికి మధ్యాహ్నం అయింది. రేవుకి చేరి పంటు ఎక్కాక ప్రాణం లేచొచ్చినట్టయింది. సగం దూరం పోయామో లేదో పంటు ఇసుక మేట ఎక్కి ఆగిపోయింది.

"ఆయ్, సముద్రం పోటెక్కితేగానీ కదల్దండి," అన్నాడు లాంచీ నడిపే సరంగు. ఎంతసేపని అడిగితే రెండు గంటలన్నాడు. దెబ్బలాడే ఓపిక కూడా లేదు నాకు.

అప్పుడు మా ఆవిడ మెల్లగా అంది, "వేళ్ళు చల్లగా ఉన్నాయండి. కాస్త వదులు చేద్దామా?"

ఆమె మీద గయ్యిమన్నాను. నీకేం తెలుసు, చెయ్యి వంకర పోతే నువ్వు చూస్తావా, ముట్టుకున్నావంటే ఊరుకోను అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆమె తలొంచుకుని, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. సత్తిరాజు దిగి సరంగు పక్కకి పోయాడు, నేను ముందు సీట్లో చేరాను. ఎండ, నీళ్ళ మీది తళతళ, రాత్రి నిద్ర లేకపోవడం. ఎప్పుడు కన్ను అంటుకుందో తెలియదు.

పద్మ కేక విని లేచాను. వెనక్కి తిరిగి చూస్తే కట్టు వదులైపోయి ఉంది. నాలుగు ముడులూ విప్పేసి ఉన్నాయి. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

విప్పావా అని మా ఆవిడ మీద అరిచాను. ఆమె అప్పుడే ఉలిక్కిపడి లేచింది. చెంప మీద సీటు అచ్చు అలాగే ఉంది.

"అమ్మ కాదు నాన్నా. మామ్మగారు విప్పింది," అంది పద్మ ఏడుస్తూనే.

ఏ మామ్మగారంటే, పళ్ళతో విప్పిందని చెప్పింది. చేత్తో ఎందుకు విప్పలేదంటే, ఆవిడకి ఒక చెయ్యి పనిచేయదట. "ఇలా ఉంది," అని తన ఎడమ చెయ్యి చూపించింది. మణికట్టు కిందికి వంచి, వేళ్ళు అరచేతిలోకి ముడిచింది. వేళ్ళు కదపమని ఆవిడ మళ్ళీ మళ్ళీ చెప్పిందట. ఆ తర్వాత ఆవిడ కారు వెనక వైపుకి నడిచి వెళ్ళిపోయిందట.

కారు దిగి చూశాను. పంటు మీద మేం కాక, కొబ్బరికాయల బస్తాలతో ఇద్దరు సైకిలు మనుషులు, సరంగు, అతని మనిషి. ఆడమనిషంటే మా ఆవిడ ఒక్కతే. నాలుగు పక్కలా నీళ్ళు. సరంగు పోటు కోసం నీళ్ళకేసి చూస్తూ మెలకువగానే ఉన్నాడు. ఎవరూ ఎక్కలేదండి, దిగలేదండి అన్నాడు.

పీలికలు చేతిలోకి తీసుకున్నాను. ముడులు పడ్డ చోట్ల తడిగా ఉన్నాయి, పోగులు నలిగి లేచి ఉన్నాయి. మళ్ళీ బిగిద్దామని కూర్చున్నాను కానీ నలిగిన చోట పీలికలు తెగిపోయి ముడి పడలేదు. ఈలోగా పంటు కదిలింది.

పాలకొల్లులో డాక్టరుగారు కట్టు చూసి ముందు అడిగింది, ఎప్పుడు వదులు చేశారని. సుమారు రెండు గంటలైందన్నాను.

"కట్టినవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, విప్పినవాళ్ళకి దణ్ణం పెట్టుకోండి. అలాగే వదిలేసుంటే పిల్ల చెయ్యి జన్మంతా ఇలా ఉండిపోయేది," అని తన చెయ్యి ఎత్తి చూపించారు. మణికట్టు కిందికి వంచి, వేళ్ళు అరచేతిలోకి ముడిచి.

మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. "మామ్మగారి చెయ్యి," అంది పద్మ. డాక్టరుగారికి ఆ మాట అర్థం కాలేదు, మేమూ చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక్కణ్ణే రేవుకి వెళ్ళి అటూ ఇటూ అడిగాను. అలాంటి చెయ్యి ఉన్న ముసలమ్మని ఎవరూ ఎరగరు. కట్టు కట్టిన ఆయన దగ్గరికీ వెళ్ళాను. ఎప్పుడైనా ఒక ఆడమనిషి చేతికి ఇలాగే కట్టారా అంటే, ఎంతమందికి కట్టానో గుర్తుంటదా అండి అన్నాడు. పోట్లాడదామని వెళ్ళినవాణ్ణి ఊరికే తిరిగొచ్చేశాను.

పద్మ అదే కుడి చేత్తో చదువంతా రాసి, ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది. తనకి ఎడ్లబండి గుర్తుంది, మామ్మగారు గుర్తులేదు. ఆ ముడులు విప్పిందెవరో ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. మా ఆవిడే విప్పి, నా నోటికి భయపడి దాచిందని అనుకుంటే అన్నీ సరిపోతాయి. అలా అనుకోవడానికే నాకు ఇష్టం. పిల్ల చూసినట్టు చెప్పింది నిద్రమత్తులో కల అని సరిపెట్టుకోవచ్చు.

వరలక్ష్మి పోయి నాలుగేళ్ళయింది. మంచాన పడ్డ రోజుల్లో, పక్కన ఎవరూ లేనప్పుడు అడిగాను. నువ్వేగా విప్పింది, ఇప్పుడైనా చెప్పు, నేనేమీ అనను అన్నాను. నిజానికి బతిమాలాను.

ఆమె మెల్లగా నా వైపు ఒత్తిగిలింది.

"విప్పాలనే ఉందండి. ముడి మీద చెయ్యి కూడా వేశాను," అంది. "మీరు వద్దన్నారుగా."